రాధామనోహరం తల ఎందుకు దించుకుంది

ఒకప్పుడు రాధామనోహరం అనే పువ్వే లేదు. ఇప్పుడు మన గోడల మీదా గేట్ల మీదా అల్లుకునే ఆ తీగకు బదులు తెల్లతీగ అని ఒకటి ఉండేది. దాని పూలు తెల్లగా పూసి తెల్లగానే రాలిపోయేవి. ముఖాలు ఎప్పుడూ ఆకాశం వైపే.

ఆ తెల్లతీగ గౌరునాయుడి తోటలో ఉండేది. గౌరునాయుడికి పూలంటే ప్రాణం. పేరంటే అంతకన్నా ప్రాణం. ఏటా ఆ ఊళ్ళో పూల పండగ జరిగేది. ఎవరూ చూడని రంగు పువ్వు తెచ్చినవాడికి ఊరిపెద్ద అప్పలస్వామి తన చేత్తో తలపాగా చుట్టేవాడు. ఆ తలపాగా మీద గౌరునాయుడి కన్ను పడింది.

"నా తెల్లతీగకి ఎరుపు పుట్టిస్తాను" అన్నాడు పెళ్ళాంతో.

"పుట్టించు. పుట్టేదాకా అన్నానికి మాత్రం రాకు" అంది పారమ్మ. ఆవిడ మాటే అంత.

పువ్వుకి కొత్త రంగు ఎలా పుట్టిస్తారో తెలుసా? ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వు నడుమ అద్దాలి. పుప్పొడి ఇచ్చింది తండ్రి. అద్దించుకున్నది తల్లి. వేరే పుప్పొడి పడకుండా తల్లి పువ్వుకి గుడ్డ కట్టాలి. కాయ కాసి, గింజ ముదిరి, మొక్క మొలిచి, మొగ్గ విచ్చేదాకా కాచుకోవాలి. అప్పుడు గాని బిడ్డ ఏ రంగో తెలియదు.

గౌరునాయుడు కోడి ఈక తీసుకున్నాడు. మందారం పుప్పొడి తెచ్చి తెల్లతీగకి అద్దాడు. కాయ కాయలేదు. గన్నేరుది అద్దాడు. కాయలేదు. ఆఖరికి దానిమ్మ పువ్వుని కూడా వదల్లేదు. పారమ్మ చీరలు చింపి పూలకి టోపీలు కట్టాడు.

"ఏమయ్యా, నా చీరలన్నీ నీ పూలు కట్టుకుంటే నేనేం కట్టుకోను? ఆకులా?"

"కొత్తవి కొంటానే, తలపాగా రానీ."

"తలపాగా ఇస్తే అదే కట్టుకుంటాలే" అంది పారమ్మ.

ఒకరోజు పొద్దు వాలుతుంటే చిమ్మట వచ్చింది. చిమ్మట కూడా సీతాకోకచిలుకలాంటిదే. కాకపోతే పగలు నిద్రపోయి, పొద్దుగూకాక బయల్దేరుతుంది.

"నాయుడు మావా, పూలకి ఈ టోపీలేమిటి? నాకు తేనె అందడం లేదు" అంది.

గౌరునాయుడు సంగతంతా చెప్పాడు. చిమ్మట రెక్కలు కొట్టుకుంటూ నవ్వింది.

"చుట్టాన్ని వదిలేసి ఊరంతా తిరుగుతున్నావు మావా. తెల్లతీగకి చుట్టం ఎర్రకంప. నేను ఇద్దరి దగ్గరా తాగుతాను. ఇద్దరి తేనెదీ ఒకటే రుచి."

"ఆ చెత్తదిబ్బ మీది కంపా?" గౌరునాయుడు అక్కడే నిలబడి ముక్కు మూసుకున్నాడు.

ఎర్రకంప ఊరి బయట దిబ్బ మీద బతికేది. ఒళ్ళంతా ముళ్ళు. పూలు మాత్రం నిప్పుకణికల్లా ఉండేవి. అయినా ఎవరూ కోసేవారు కాదు. దిబ్బ మీది పువ్వుని జడలో ఎవరు పెట్టుకుంటారు?

గౌరునాయుడు ఎవరూ చూడకుండా వెళ్ళి ఎర్రకంప పుప్పొడి తెచ్చాడు. తెల్లతీగకి అద్దాడు. కాయ పడలేదు.

"తిప్పి చూడు మావా" అంది చిమ్మట. "తెల్లతీగ పుప్పొడి తీసుకెళ్ళి ఎర్రకంపకి అద్దు. ఎర్రకంపనే తల్లిని చెయ్యి."

"నా పువ్వు దిబ్బ మీద పుట్టాలా?"

"పుడితే అక్కడే పుడుతుంది. వద్దంటే మానెయ్యి. నా దారికి అడ్డం లేకుండా ఈ టోపీలు తీసెయ్యి."

గౌరునాయుడు రోజంతా గింజుకున్నాడు. మర్నాడు ఈక పట్టుకుని దిబ్బ ఎక్కాడు.

"దారి తప్పావా నాయుడుబాబూ?" అంది ఎర్రకంప.

"లేదు. నీతోనే పని" అని వచ్చిన సంగతి చెప్పాడు.

ఎర్రకంప తన ఆకుల వైపు ఓసారి చూసుకుంది. "ఈ దిబ్బ మీద నీళ్ళుండవు బాబూ. కాయ మోయాలంటే నా ఆకులన్నీ రాల్చుకోవాలి. సరే, రాల్చుకుంటాను. ఒక్కటే కోరిక. నీ పువ్వుని చూసి ఎవరైనా అడుగుతారు కదా, అప్పుడు ఇది ఎర్రకంప కడుపున పుట్టిందని చెప్పు. ఆ ఒక్క మాట చాలు."

"నలుగురిలో చెప్తాను. నా నోటితో చెప్తాను" అన్నాడు గౌరునాయుడు. ఆ రోజు నిజంగానే చెప్దామనుకున్నాడు.

ఈసారి కాయ పడింది. ఎర్రకంప ఆకులన్నీ రాల్చేసి, ఉన్న తడి అంతా ఆ ఒక్క కాయకే ఇచ్చింది. మేకలొస్తే ముళ్ళు అడ్డం పెట్టింది. గింజ ముదిరాక గౌరునాయుడి చేతిలో పెట్టి, "నీళ్ళు ఎక్కువ పొయ్యకు, కుళ్ళిపోతుంది" అని మరీమరీ చెప్పింది.

గౌరునాయుడి తోటలో మొక్క మొలిచింది. తీగ సాగింది. మొగ్గ విచ్చింది. అబ్బ, ఏం రంగు! తెల్లటి రేకులు. అంచుల్లో మాత్రం పారాణి పెట్టినట్టు సన్నటి ఎరుపు. పారమ్మ కూడా తిట్టడం మరిచిపోయి చూసింది.

తీగ మీద అక్కడక్కడ చిన్న ముళ్ళు కూడా ఉన్నాయి. తల్లి పోలిక. గౌరునాయుడు వాటిని ఆకుల కింద దాచాడు.

రోజూ పొద్దుగూకగానే చిమ్మట దిబ్బ మీంచి తోటకి వచ్చేది. "అమ్మ నిన్ను అడిగింది. ఎదిగావా అంది. చీమలు కుడుతున్నాయా అంది" అని కబుర్లు చెప్పేది. "నేను బావున్నానని చెప్పు" అనేది పువ్వు. అమ్మంటే దానికి బోలెడు ఇష్టం.

పండగ వచ్చింది. గౌరునాయుడు మొక్కని కుండీలో పెట్టుకుని పందిట్లోకి తీసుకెళ్ళాడు. జనం విరగబడ్డారు. రాధామనోహరం అని పేరు కూడా పెట్టేశారు.

"ఆహా! ఈ ఎరుపు ఎక్కడిది నాయుడూ?" అన్నాడు అప్పలస్వామి.

గౌరునాయుడు నోరు తెరిచాడు. ఊరంతా తనవైపే చూస్తోంది. దిబ్బ అంటే నవ్వుతారేమో. తలపాగా ఇవ్వరేమో.

"కొండమీది చెరువులో ఎర్రకలువదండీ" అన్నాడు.

"అవునా తల్లీ?" అని అప్పలస్వామి పువ్వునే అడిగాడు.

పువ్వు చుట్టూ చూసింది. ఎందరు చూస్తున్నారు! ఎంత ముద్దుగా చూస్తున్నారు!

"అవును" అంది.

అప్పలస్వామి తలపాగా చుట్టాడు. డప్పులు మోగాయి. ఇంతలో వంటవాళ్ళు పరుగున వచ్చారు.

"అయ్యా, కట్టెలు చాల్లేదు. అన్నం ఉడకడం లేదు."

"దిబ్బ మీద ఎండిన కంప ఒకటి ఉంది కదా, పనికిమాలినది. కొట్టుకురండి" అన్నాడు అప్పలస్వామి.

ఆకులు రాల్చుకుని ఉంది కదా, ఎర్రకంప ఎండిపోయిందనుకున్నారు.

గాలి గబగబా పందిట్లోకి వచ్చింది. "నాయుడూ, నాయుడూ! ఆ కంపే ఈ పువ్వు తల్లి అని ఒక్క మాట అను. గొడ్డలి ఆగిపోతుంది."

గౌరునాయుడు తలపాగా సర్దుకున్నాడు.

గాలి పువ్వు దగ్గరికి వెళ్ళింది. "అమ్మాయీ, నువ్వైనా చెప్పవే. మీ అమ్మే!"

ఇప్పుడే కదా కలువ అన్నాను, అనుకుంది పువ్వు. ఇప్పుడు కాదంటే అందరూ ఏమనుకుంటారు? ఇంకాసేపాగి చెప్తాను. జనం కాస్త తగ్గాక చెప్తాను.

జనం తగ్గలేదు. గొడ్డలి దెబ్బలు వినిపించాయి. తరవాత పొయ్యి భగ్గుమంది. అన్నం బాగా ఉడికింది. అందరూ కడుపునిండా తిన్నారు.

"తలపాగా వచ్చిందిగా, తినవేం?" అంది పారమ్మ.

"ఆకలి లేదు" అన్నాడు గౌరునాయుడు.

పొద్దుగూకింది. చిమ్మట నిద్ర లేచి ఎప్పటిలాగే ముందు దిబ్బ దగ్గరికి వెళ్ళింది. తరవాత పందిట్లోకి వచ్చింది.

"అమ్మాయీ, అమ్మ అక్కడ లేదు. ఎక్కడికెళ్ళింది? నీకేమైనా చెప్పిందా?"

పువ్వు ఆకుల చాటుకి జరిగింది.

"నిన్నే. అమ్మ ఏది?"

పువ్వు అంచుల్లో ఉన్న ఎరుపు మెల్లగా లోపలికి పాకింది. రేకులన్నీ నిండింది. మెడ వాలిపోయింది. ఆకాశం వైపు చూసే ముఖం నేల వైపు తిరిగింది.

"అలా ఎర్రబడ్డావేమే? జ్వరమా?" అంది చిమ్మట. దానికి పాపం ఏమీ తెలియదు.

గౌరునాయుడు పక్కనే ఉండి అంతా విన్నాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని అప్పలస్వామి దగ్గరికి వెళ్ళాడు.

"అబద్ధం చెప్పానండీ. అది కలువ బిడ్డ కాదు. ఎర్రకంప బిడ్డ."

అప్పలస్వామి తాంబూలం నములుతున్నాడు. "ఏ కంప? ఇందాక పొయ్యిలో పెట్టిందా? ఆ మాట అప్పుడే అంటే వేరే కట్టెలు తెచ్చుకునేవాళ్ళం కదయ్యా. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

గౌరునాయుడు దిబ్బ మీదికి పరిగెత్తాడు. కనీసం వేరైనా మిగిలిందేమోనని చేతులతో తవ్వాడు. వేరు బాగా మండుతుందని అదీ పెకిలించుకుపోయారు. ఎర్రకంపని మీరు ఎప్పుడూ చూడకపోవడానికి కారణం అదే.

మర్నాటి సాయంత్రం తీగకి కొత్త మొగ్గలు విచ్చాయి. అంచు ఎరుపు కూడా కనబడనివ్వకుండా తెల్లగా విచ్చుకున్నాయి. చిమ్మట మమ్మల్ని గుర్తుపట్టదులే, ఏమీ అడగదులే అనుకున్నాయి. చిమ్మట వచ్చింది.

"కొత్తవాళ్ళా? ఎంత తెల్లగా ఉన్నారమ్మా! మా ఎర్రకంప ఎటెళ్ళిందో మీరేమైనా చూశారా?"

పూలు ఒక్కొక్కటే తల దించుకున్నాయి.

అప్పటినుంచే రాధామనోహరం సాయంత్రం పూట ఏమీ ఎరగనట్టు తెల్లగా విచ్చుకుంటుంది. మర్నాటికి గులాబీరంగు తిరుగుతుంది. ఆ పైరోజుకి తల్లి రంగు మొత్తం పైకి వచ్చి ఎర్రగా అయిపోతుంది. ముళ్ళని ఇప్పటికీ ఆకుల కిందే దాచుకుంటుంది. ఎంత పైకి పాకినా, ఏ మేడ ఎక్కినా పూలు మాత్రం ముఖం ఎత్తవు. నేల వైపే చూస్తూ గుత్తులుగా వేలాడతాయి. చిమ్మట రోజూ వస్తుంది, రోజూ అడుగుతుంది. ఇంతవరకూ ఒక్క పువ్వూ జవాబు చెప్పలేదు.