కుంకుమ అద్దిన యాంటెనాలు

గౌరీపతి శాస్త్రిగారికి ఒక అలవాటుంది. సాయంత్రం తర్కం పాఠం ఎంత రసపట్టులో ఉన్నా సరే, కింద గేటు చప్పుడయితే చెబుతున్న వాక్యం అక్కడే ఆపి లేచి నిలబడతారు. కింది వాటా తలుపు తెరుచుకుని మళ్లీ మూసుకున్నాకే కూర్చుంటారు. డెబ్బై రెండేళ్ల మనిషి. మోకాళ్లు సహకరించవు. గోడ పట్టుకునైనా లేస్తారు. బందరులో ఆయన ఇంటి మేడ మీద చాప పరుచుకుని చదువుకునే మేం నలుగురం మొదట్లో అది సంధ్యావందనం వేళేమో అనుకున్నాం. మిగతా ముగ్గురూ పెద్దాయన్ని అడగడం బాగుండదని ఊరుకున్నారు. నేను ఊరుకోవడానికి కారణం వేరు. అది చివర్లో చెబుతాను. ముందే చెప్పేంత ధైర్యం నాకు లేదు.

మాలో ఫణికుమార్ అనే అతను బ్యాంకు ఉద్యోగి, తను ఉండే అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి కూడా. ఒకరోజు పుస్తకానికి బదులు ఫోను పట్టుకుని వచ్చాడు. వాళ్ల అపార్ట్‌మెంటులో రెండు నెలలుగా పార్సిళ్లు మాయమవుతున్నాయి. వాచ్‌మన్ అప్పన్న కాపలాలో ఉన్న రోజుల్లోనే పోతున్నాయని ఇతను తేదీలతో సహా తేల్చాడు. ఎనభై కుటుంబాలున్న వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి అప్పన్న పేరుతో నాలుగు వాక్యాలు రాసి సిద్ధంగా ఉంచుకున్నాడు. ఇక వేలు ఆనించడమే తరువాయి.

"గురువుగారూ, ఆధారం చేతిలో ఉన్నప్పుడు దొంగను దొంగ అని నలుగురిలో చెప్పడం దోషమవుతుందా?" అని అడిగాడు. అడగడంలోనే, కాదు అని జవాబు వస్తుందన్న ధీమా ఉంది.

శాస్త్రిగారు ఆ ఫోనుకేసి చూసి, "దాన్ని కాస్త పక్కన పెట్టు నాయనా. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో నెట్టు నెమ్మదించింది, ఆ సంగతి చెబుతాను," అన్నారు. పక్కనున్న కుర్రవాళ్లిద్దరికీ నవ్వొచ్చింది. నేను మాత్రం నవ్వలేదు.

ఆ రోజుల్లో ఆయన ఈ మేడ గదిలోనే కంప్యూటరు ముందు కూర్చుని పాఠం చెప్పేవారు. ఎక్కడెక్కడి వాళ్లమో ముప్పై ఒక్కమందిమి రోజూ ఆరింటికి మా మా ఇళ్లలో కూర్చుని వినేవాళ్లం. కంప్యూటరు ఒక మూల, వైఫై పెట్టె ముందు గదిలో. ఏడాదిపాటు బొమ్మ, మాట చక్కగా వచ్చాయి. దసరా దాటిందో లేదో చిక్కు మొదలైంది. ఆయన నోరు తెరిస్తే తెరిచినట్టే తెరమీద బిగుసుకుపోయేది. మాట ముక్కలు ముక్కలై, హేతువు వినబడితే, దానితో రుజువు చెయ్యాల్సిన సాధ్యం వినబడేది కాదు. మేం "గురువుగారూ, వినపడట్లేదు" అని అరవడం, ఆయన "ఇప్పుడో?" అనడం, గంటలో సగం దీనికే సరిపోయేది.

ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు. వైఫై పెట్టె ఆపి మళ్లీ పెట్టారు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టారు. నెట్టు కనెక్షను అబ్బాయిని పిలిపించారు. అతను పెట్టె పక్కన నిలబడి తన ఫోనులో వేగం చూపించి, "ఇక్కడిదాకా ఫుల్లుగా వస్తంది సార్, మీ సిస్టమ్ చూపించుకోండి," అని వెళ్లిపోయాడు. నిన్నటిదాకా పనిచేసిన యంత్రాన్ని అనడానికి వీడెవడని ఆయనకు కోపం వచ్చింది. భార్య కామాక్షమ్మగారు తన ఫోను తెచ్చి సరిగ్గా కంప్యూటరు పక్కనే పెట్టి, "నాకు ఇక్కడ కూడా బాగానే వస్తోందండీ," అన్నారు. దానికి ఆ తర్కశాస్త్ర పండితుడు ఇచ్చిన సమాధానం: "నీ ఫోను చిన్నది. దానికి కొంచెం చాలు."

ఈ మాట చెబుతూ శాస్త్రిగారు మా ముందు తల వంచుకున్నారు. "నలభై ఏళ్లు తర్కం చెప్పినవాడి నోట్లోంచి వచ్చిన మాట నాయనా అది," అన్నారు.

కింది వాటాలో ధనకోటి అనే ఆవిడ అద్దెకుండేది. ఒంటరి మనిషి. మా ఊళ్లో గిల్టు నగల పని చాలామందికి ఆధారం. ఆవిడ షాపు నుంచి రాళ్లు, గొలుసులు తూకం వేయించుకుని ఇంటికి తెచ్చుకుని, రాళ్లు అతికి, మళ్లీ తూకం వేసి అప్పజెప్పేది. చేతివాటం మనిషని ఒక్క మాట పడిందంటే ఇక ఇంటికి సామాను ఇవ్వరు. కామాక్షమ్మగారు కాలు విరిగి మంచాన పడ్డప్పుడు మూడు నెలలు అన్నం వండి పైకి తెచ్చింది ఆవిడే. ఆ మమకారంతో అమ్మగారు వైఫై పాస్‌వర్డు ఆవిడకు ఇచ్చారు. చేసిన నగల ఫొటోలు షాపుకు పంపుకోవడానికి పనికొచ్చేది.

శాస్త్రిగారు కారణం కోసం వెతుకుతుంటే ఒకటి కళ్లబడింది. సరిగ్గా ఆరింటికి కింద లైటు వెలుగుతుంది, ధనకోటి ఫోనులో పాటలు పెట్టుకుని పనికి కూర్చుంటుంది. సరిగ్గా ఆరింటికే పైన నెట్టు చచ్చిపోతుంది. మరి పొద్దున ఎలా ఉంటోంది? పొద్దున ఆయన కంప్యూటరు తెరిస్తే కదా! కాకతాళీయమంటూ, కాకి వాలడం, తాటిపండు పడడం గురించి మా చేత లక్షసార్లు వల్లె వేయించిన మనిషి ఆ కాకినే పట్టుకున్నారు.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు. పావుగంట పాఠంలో ఆరుసార్లు బిగుసుకుపోయారు. చివరికి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కిందికి వంగి అరిచారు: "ధనకోటీ! దొంగతనంగా మా నెట్టంతా లాగేసుకుంటూ నా నోట మట్టి కొడుతున్నావు! పరాయిది లాక్కోవడం అలవాటైతే ఇంతే!"

మైకు ఆపలేదు. నెల రోజులుగా ఒక్క వాక్యం పూర్తిగా అందించని ఆ నెట్టు, ఈ మాటలన్నిటినీ పొల్లుపోకుండా ముప్పై ఒక్క ఇళ్లకు చేర్చింది.

కింద లైటు ఆరిపోయింది. మర్నాడు ధనకోటి పైకి వచ్చి, కామాక్షమ్మగారి ఎదుటే తన ఫోనులోంచి ఆ కనెక్షను తీసేసి దిగిపోయింది. ఇంత చేసినా నెట్టు బాగుపడలేదు. బాగుపడకపోతే మన లెక్క తప్పేమోనని అనిపించాలి కదా. శాస్త్రిగారు పాస్‌వర్డు మార్చి, ఇంకేదో దారిన లాగుతోందని స్థిరపరుచుకున్నారు.

కార్తీకంలో ఒక పొద్దున కామాక్షమ్మగారు దేవుడి పీట తోముతూ, "ఏవండీ, ఈ రెంటికీ ఇంకా ఎన్నాళ్లు చెయ్యాలి పూజ? కుంకుమ అట్టలు కట్టేసింది," అన్నారు. అమ్మవారి పటం ముందు వేలెడంత నల్లటి కడ్డీలు రెండున్నాయి. పసుపు, కుంకుమ, పైన ఆనాటి నందివర్ధనం పువ్వు.

అవి కంప్యూటరు యాంటెనాలు. వైఫై అందుకోవడానికని అమ్మినవాడు కంప్యూటరు డబ్బా వెనక బిగించి ఇచ్చినవి. మహర్నవమినాడు ఆయుధపూజకు కంప్యూటరు పెడదామంటే డబ్బా మొయ్యలేక, వెనకాల దుమ్ము తుడిచి, ఆ రెంటినీ తన చేతులతోనే మర విప్పి పీట మీద పెట్టారు శాస్త్రిగారు. పూజయ్యాక కామాక్షమ్మగారు కత్తిపీట, కత్తెర తీసుకుపోయారు గానీ, ఆయన పెట్టినవి కనక ఏ యంత్రమో ఏమోనని వీటిని కదపలేదు. ఆయనా మరిచిపోయారు. అవి లేకపోయినా కొంచెం కొంచెం నెట్టు వస్తూనే ఉండడంతో అనుమానం అటు పోలేదు.

"నలభై రోజులు వాటికి రెండు పూటలా దణ్ణం పెట్టాను," అన్నారు శాస్త్రిగారు. "రోజూ కళ్లెదురుగా ఉన్నాయి."

డబ్బా తిప్పి చూస్తే వెనక రెండు ఇత్తడి మరలు బోసిగా ఉన్నాయి. కుంకుమ తుడిచి బిగించారు. తెరమీద సిగ్నలు గీతలన్నీ నిండుగా వెలిగాయి. ఆయనకు సంతోషం కలగలేదట.

వీధిలో ఎవరూ లేని మిట్టమధ్యాహ్నం చూసుకుని కిందికి వెళ్లారు. వేళ ఎంచుకోవడంలోనే తన బుద్ధి బయటపడిందని ఆయనే అన్నారు. ధనకోటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. అప్పటికే షాపువాళ్లు ఇంటికి సామాను ఇవ్వడం మానేశారు.

"తప్పయిపోయిందమ్మా. లోపం నా కంప్యూటరులోనే ఉంది," అన్నారు ఆయన.

ఆవిడ చేట పక్కన పెట్టలేదు. "మాట ముప్పై మంది చెవిలో పోశారు పంతులుగారూ. తప్పయిందన్న మాట నా ఒక్కదాని చెవిలో పోసి వెళ్తన్నారు."

"సాయంత్రం అందరికీ చెబుతానమ్మా," అని మాటిచ్చి పైకి వచ్చారు. సాయంత్రం పాఠం మొదట్లో, "కంప్యూటరులో ఒక చిన్న లోపం ఉండింది, సరిచేశాం," అన్నారు. అంతే. మేం ముప్పై ఒక్కమందిమీ "చాలా సంతోషం గురువుగారూ" అన్నాం. ధనకోటి పేరు నోటిదాకా వచ్చి వెనక్కి పోయిందట. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. అలా మూడు వారాలు. చివరికి ఒకరోజు పేరు చెప్పి, యాంటెనాల సంగతి చెప్పి, ఆవిణ్ని దొంగ అన్నది తనేనని, తను అన్నది అబద్ధమని చెప్పారు. అప్పటికి సెలవుల వల్ల, పనుల వల్ల పన్నెండుమంది మానేశారు. విన్నది పందొమ్మిదిమందే.

మర్నాడు ఆయన గిల్టు నగల షాపుకు నడిచి వెళ్లారు. యజమాని కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "మీరు పెద్దమనసున్నవారు మాస్టారూ, ఆడమనిషి బతుకు పోతుందని వెనకేసుకొస్తున్నారు. మాకు తెలీదా? నిప్పు లేనిదే పొగ రాదు కదండీ," అన్నాడు.

"పొగను చూసి నిప్పుందని తెలుసుకోవడం తర్కంలో మొదటి పాఠం," అన్నారు శాస్త్రిగారు. "నేను చెప్పిన ఉదాహరణే నాకు తిరిగి చెప్పాడు."

చివరికి ఆ యజమాని చేసిన దయ ఒకటే. ఇంటికి సామాను ఇవ్వడు, షాపుకే వచ్చి పని చేసుకోవచ్చు. అక్కడ పదిహేనుమంది పనిచేస్తారు. సాయంత్రం వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర సంచి విప్పి చూపించాల్సింది మాత్రం ధనకోటి ఒక్కతే. ఇల్లు మారిపొమ్మని చుట్టాలు చెప్పారు. మారితే దొంగతనం బయటపడి పారిపోయిందంటారని ఆవిడ మారలేదు. శాస్త్రిగారు నెట్టు పాఠాలు మానేశారు.

ఇప్పుడు నా సంగతి. ఆ షాపు యజమాని నా బావమరిది. గురువుగారు అరిచిన ఆ సాయంత్రమే, పాఠం మధ్యలో ఆగిపోవడంతో తీరిక దొరికి, బజారులో వాడితో టీ తాగుతూ, "ధనకోటి మీ దగ్గరే కదూ చేసేది? కాస్త చూసుకో," అన్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఆ పైన గురువుగారు తప్పు ఒప్పుకున్న రోజు విన్న పందొమ్మిదిమందిలో నేనూ ఉన్నాను. విని కూడా బావమరిదికి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ముందు ఆ మాట మోసుకొచ్చింది నువ్వే కదా బావా అంటాడని. వాడి ముందు చులకనవడం ఇష్టం లేక నాలుగేళ్లు ఆవిడ చేత సంచి విప్పించాను. సిగ్గు అనే మాట చాలదు. ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

శాస్త్రిగారు షాపు సంగతి చెబుతున్నంతసేపూ అందరి మొహాలూ చూశారు, నా మొహం తప్ప.

ఆయన కథ ముగించి కళ్లద్దాలు తుడుచుకుంటుండగా కింద గేటు చప్పుడయింది. గోడ పట్టుకుని లేచారు. ఈసారి మేం నలుగురమూ లేచాం. మెట్ల కింద చెప్పులు విడిచిన చప్పుడు, తాళం తీసిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు.

ఫణికుమార్ చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. "మరి నన్నేం చెయ్యమంటారు గురువుగారూ?" అన్నాడు చిన్నగా.

శాస్త్రిగారు మోకాలు పట్టుకుని నెమ్మదిగా చాప మీద కూర్చున్నారు. పుస్తకంలో ఆగిన చోటు వెతుక్కుంటూ అన్నారు:

"ఇవాళ కూడా సంచి విప్పి చూపించాకే ఇంటికొచ్చి ఉంటుంది నాయనా, ఆవిడ."