గవరమ్మ అడిగిన వాటా

పూర్వం ఒక రాజు ధనవంతులకు పన్ను మాఫీ చేసి, ఖజానా ఖాళీ అయితే అప్పు తెచ్చాడు. తప్పు మాఫీదని ఒక మంత్రి, పేదలకు పోసే గంజిదని ఇంకో మంత్రి ఏడాదిగా కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఈలోగా రాజు ఆ అప్పును ఇంటింటికీ పంచాడు. కుమ్మరి గవరమ్మ కట్టలేకపోతే, మట్టి మోసే గాడిదను భటులు తోలుకుపోయారు. ఆమె కళ్లు తుడుచుకుని సభకు వెళ్లింది.

“దేశం అప్పంటే అందరిదీనమ్మా,” అన్నాడు రాజు.

“అలాగే మహాప్రభూ. మాఫీ సొమ్ముతో నీలాచలం షావుకారు కట్టిన మేడ కూడా అందరిదే కదా! అందులో నా వాటా గది ఇప్పించి, గాడిదను మీరే ఉంచుకోండి.”

సభలోనే ఉన్న షావుకారు ముఖం మాడిపోయింది. మంత్రులిద్దరూ మొదటిసారి ఒక్కమాటై, గాడిదను వెంటనే ఇచ్చేయమన్నారు.

గవరమ్మ దాన్ని తోలుకుని ఇంటికొచ్చేసరికి, ఆ లోటు పూడ్చడానికి భటులు పక్కింటి సూరమ్మ మేకను విప్పుతున్నారు.