బూరెల మూకుడికి ఏ అతుకు?

అనగనగా, నిప్పు దొరికాక, అగ్గిపెట్టె దొరక్కముందు, ప్రచండవర్మ అనే రాజుండేవాడు. ఆయనకు తెలియని విద్య లేదు. అంటే, తెలియదని ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ కోటలో ఇనుమైనా, వెండైనా విరిగితే గురవాచారి కొలిమికే వచ్చేది. గురవాచారి మహా పనిమంతుడు. రాజుగారి ముందు మాత్రం, పాపం, నోరు పెగిలేది కాదు.

ఒకనాడు రాణిగారి వెండి పన్నీరుబుడ్డి మెడ ఊడింది.

"తగరం కరిగించి మాటు వేస్తాను ప్రభూ," అన్నాడు గురవాచారి.

"తగరమా! రాచసొమ్ముకు ముష్టి అతుకా? ఎర్రగా కాల్చి సమ్మెటతో అతుకు!"

గురవాచారి తల వంచుకుని అలాగే చేశాడు. రెండు దెబ్బలకు బుడ్డి అప్పడమైంది. రాణిగారు అలిగి తలుపేసుకున్నారు. తిట్లన్నీ గురవాచారికి పడ్డాయి.

మర్నాడు పట్టపుటేనుగు గొలుసు తెగింది.

"దీన్ని మాత్రం కాల్చే అతకాలి ప్రభూ..."

"మళ్ళీ కాల్చడమా? నిన్న చాలలేదూ? మాటు వెయ్యి!"

వేశాడు. ఏనుగు ఒక్కసారి కాలు విదిలించింది. గొలుసు ఊడింది. ఏనుగు అరటితోట మేసి, ఆ తర్వాత రాజుగారి పల్లకికి వీపు గోక్కుంది. పల్లకి పుల్లలైంది.

"ఇంకొక్క అతుకు ఊడిందా, నీ కొలిమి ఆర్పించి రాజ్యం దాటిస్తా!" అని గర్జించాడు రాజు.

ఏడు తరాలుగా ఆరని కొలిమి అది. ఆ పూట గురవాచారికి ముద్ద దిగలేదు.

మూడోనాడు రాజుగారి పుట్టినరోజు. సరిగ్గా అప్పుడే బూరెలు వండే ఇనుప మూకుడు అడుగు చీలింది. రాజు మీసం దువ్వి, బాగా ఆలోచించి, "సగం మాటు, సగం సమ్మెట. ఎవరికీ అన్యాయం జరగదు," అని తీర్పు చెప్పాడు.

చెప్పినట్టు చేసినా తిట్లే, చెయ్యకపోయినా తిట్లే. తిట్లు ఎటూ తప్పనప్పుడు పనైనా సరిగ్గా చేస్తే పోలా, అనుకున్నాడు గురవాచారి.

"క్షమించాలి ప్రభూ, అది కుదరదు," అనేశాడు.

అతడు వంటశాల పెద్ద సూరమ్మను పిలిపించి, "మూకుడు ఎలా వాడతారమ్మా?" అని అడిగాడు.

"ఉత్త మూకుడే నిప్పుల మీద పెడతాం, అన్నా. భగభగా కాలాకే నెయ్యి పోస్తాం."

"అయితే మాటు కరిగిపోతుంది. కాల్చి అతకాల్సిందే."

"నేతిబొట్టు కారిందో, నీకు పొలిమేరే!" అన్నాడు రాజు.

గురవాచారి చెమటలు కక్కుతూ అతికాడు. బొట్టు కారుతుందేమోనని రాజు పీట వేయించుకుని మూకుడు పక్కనే కూర్చున్నాడు. ఒక వాయి వేగింది. రెండో వాయి వేగింది. మూడో వాయీ వేగింది. చుక్క కారలేదు. కాపలా కాస్తూ కాస్తూ రాజుగారు నలభై బూరెలు లాగించారు.

"నీకెలా తెలిసిందోయ్?" అన్నాడు రాజు, పీట మీంచి లేవలేక.

"ఏ వస్తువు ఏం పని చేస్తుందో చూస్తాను ప్రభూ. పన్నీరుబుడ్డి నిప్పు చూడదు, బరువు లాగదు. దానికి మాటు చాలు. గొలుసుకూ మూకుడుకూ సమ్మెటే దిక్కు."

"మరి ముందే చెప్పవేం?"

"సగం చెప్పాను ప్రభూ. మిగతా సగం భయం మింగేసింది."

రాజుకు సిగ్గేసింది. "ఇకమీదట నీ కొలిమి దగ్గర నీ మాటే చెల్లుతుంది," అని తన చేత్తోనే అతడి నోట్లో ఒక బూరె పెట్టాడు.

కాబట్టి పిల్లలూ, పని తెలిసినవాడు రాజు ముందైనా నోరు విప్పాలి. పని తెలియనివాడు రాజైనా చెవి ఒగ్గాలి.