ఎండుటాకుల అమ్మవారు

కాకినాడలో జగ్గమ్మపేట పార్కుకు తొలిసారి వచ్చే భక్తులు ముక్కు చిట్లిస్తారు. గట్టిగా చూస్తే నాలుగు చెట్లు, రెండు సిమెంటు బెంచీలు, మూలన అమ్మవారి చిన్న గుడి. గుడి చుట్టూ మడమ మునిగేంత ఎండుటాకులు! "ఇంత పేరున్న గుడికి చీపురు పట్టే దిక్కు లేదా?" అని కోపగించవలదు. చలి మొదలైనది లగాయతు ఎండలు ముదిరేదాకా ఇక్కడ చీపురు నిషిద్ధం. మెడలో దుర్భిణీలతో పొద్దున్నే చెట్ల చాటున నక్కే పెద్దమనుషులు కూడా అమ్మ భక్తులే.

పూర్వం ఇక్కడ, పట్నం ఇళ్ల నడుమ, ఈ అమ్మవారు వెలసిన ఒక చిన్న తోపు ఉండేది. దానిని కనిపెట్టుకుని ఉన్న నూకరత్నానికి ఒక్కగానొక్క కూతురు ముత్యాలు. ఏటా చలిగాలి తిరగగానే ఉత్తరాది నుంచి పొన్నంగి పిట్ట వచ్చి ఆ తోపులో దిగేది. పచ్చని వీపు, నీలం రెక్క, కంటికి పొడుగాటి కాటుక. తల్లీకూతుళ్లు దాన్ని చూసి మురిసిపోయేవారు.

ఒక ఏడు విషజ్వరం తగిలి ముత్యాలుకు మాట పడిపోయింది. వైద్యులు పెదవి విరిచారు. బిడ్డకు మాట వచ్చేదాకా తోపులో ఒక్క ఆకు ఉండనివ్వనని నూకరత్నం అమ్మవారికి మొక్కుకుంది. అన్నంత పనీ చేసింది. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చి, కల్లాపి చల్లి, నేలను అద్దంలా ఉంచింది. చలి వచ్చింది కానీ పిట్ట రాలేదు. తోపు వైపు చూసి చూసి ముత్యాలు అన్నం కూడా మానేసింది. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఒక మధ్యాహ్నం చీపురు చేత పట్టుకునే కునుకు తీసిన ఆమెకు అమ్మవారు కలలో కనిపించి, "ఓసి పిచ్చిదానా! అంత దూరం నుంచి ఆకలితో వచ్చే నా చుట్టం ముందు విస్తరి ఎత్తేశావు కదే! పురుగూ పుట్రా ఆ ఆకుల కిందేగా ఉండేది?" అని కోప్పడింది.

నూకరత్నం ఉలిక్కిపడి లేచి, గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎండుటాకులు అడిగి తెచ్చి తోపంతా పరిచింది.

"అమ్మవారి ముందు చెత్త పోస్తావేమిటే, మతి పోయిందా?" అని పక్కింటి అప్పలకొండ బుగ్గలు నొక్కుకుంది.

"పోయింది వదినా, ఇప్పుడే తిరిగొచ్చింది" అంటూ ఆమె గంప బోర్లించింది.

కొన్నాళ్లకు ఒక వేకువన ఆకుల్లో గలగల వినిపించింది. నూకరత్నం ఆత్రంగా లేవబోయింది. ముత్యాలు ఆమె కొంగు పట్టి లాగి, "అమ్మా, కదలకు!" అన్నది.

నూకరత్నం కదలలేదు. బిడ్డను గుండెకు హత్తుకోవాలని ఉన్నా, కేక పెట్టి పేటంతా లేపాలని ఉన్నా, నోట కొంగు కుక్కుకుని అలాగే కూర్చుంది. కన్నీళ్లు మాత్రం ధారగా కారిపోయాయి. గుండెల మీది కుంపటి దిగిపోయింది తల్లీ అని మనసులోనే మొక్కుకుంది.

నేటికీ ఇక్కడ పువ్వులకు బదులు పిడికెడు ఎండుటాకులు సమర్పిస్తారు. గంట కొట్టరు. మొక్కు తీరిన తల్లులు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పిట్ట మేత ముగించి ఎగిరిపోయేదాకా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారు. ఆ తరువాత ఎంతసేపు ఏడ్చినా అమ్మవారు ఏమీ అనుకోదు.