నిలబడి ప్రయాణం చేసిన పసివాళ్లు

విమలానంద స్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే శాస్త్రం ఎత్తరు, మజ్జిగ తెప్పించుకుంటారు. మజ్జిగ వచ్చిందంటే కథ వస్తున్నట్టే. ఆ రోజు అడిగినవాడు సోమలింగం అనే శిష్యుడు. చక్కెర జబ్బున్న వంటాయన ఆశగా చూస్తుంటే జాలిపడి ఆరు బూరెలు పెట్టాడు. వంటాయన ఆసుపత్రి పాలయ్యాడు, ఆశ్రమమంతా కలిసి సోమలింగాన్ని దులిపేసింది.

"ప్రేమతోనే పెట్టాను స్వామీ. ప్రేమ ఉన్నచోట మళ్లీ నియమాలెందుకు?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

స్వామి మజ్జిగ తాగి, పల్లంరాజు అనే డ్రైవరు సంగతి చెప్పారు.

పిల్లల కోసం తపించే దంపతుల పిండాలను గడ్డకట్టించి దాచే ఆసుపత్రులున్నాయి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వాటిని కారులో చేర్చడం పల్లంరాజు పని. ఒకసారి రాజమండ్రి నుంచి విశాఖకు మూడు పిండాలు తీసుకెళ్లాల్సి వచ్చింది. పదకొండేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఒక జంటకు అవే ఆఖరివి. బిందె అంత క్యాను, లోపల ప్రాణాలు తీసే చలి. క్యాను నిటారుగా ఉండాలి, మూత తియ్యకూడదు. ఒరిగితే చలి తగ్గిపోతుంది, పిండాలు కరిగి పాడవుతాయి. పల్లంరాజుకు తెలిసిన శాస్త్రమంతా ఇంతే.

ఆ జంటలో అమ్మాయి తల్లి వరహాలమ్మ ఎవరూ రమ్మనకుండానే కారెక్కి కూర్చుంది. ఊరు దాటకముందే క్యానుకు రగ్గు కప్పింది. పల్లంరాజు తీసేశాడు.

"చలికి బిగుసుకుపోతారు బాబూ!"

"బిగుసుకుపోవాలనే పెట్టారు మామ్మగారూ."

మూత కాస్త తీస్తే చిటికెడు విభూతి వేస్తానంది. అదీ కుదరదన్నాడు. తుని దగ్గర డీజిలు కొట్టించుకుని వచ్చేసరికి ఆవిడ క్యానును వెనకసీటుకు కట్టిన పట్టీ విప్పేసి, పది కిలోల క్యానును ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టుకుని జోకొడుతోంది.

"ఎంతసేపని నిలబడతారయ్యా పసివాళ్లు? కాళ్లు పీక్కుపోవూ!"

పల్లంరాజుకు పైప్రాణాలు పైనే పోయాయి. క్యాను లాక్కుని నిలబెట్టి, లోపలి చలి ఎంతుందో చూపే మీటరు చూశాడు. అంకె పైకి పాకుతోంది. ఏ దేవుడికి మొక్కాలో తోచక మీటరుకే దణ్ణం పెట్టాడు. కాసేపటికి అంకె ఆగింది, మెల్లగా దిగడం మొదలెట్టింది. అప్పటికి గాని అతనికి ఊపిరాడలేదు. క్యానును మళ్లీ వెనకసీటుకు బిగించి కట్టాడు, ఆవిణ్ణి ముందుసీట్లోకి మార్చాడు. ఇక విశాఖ దాకా ఆవిడ తిట్టని తిట్టు లేదు.

"రాతిగుండె వెధవా! పెళ్లాం పిల్లలున్నారా నీకసలు?"

విశాఖలో డాక్టరమ్మ మీటరు లెక్కంతా చూసి, మూడూ క్షేమమేనంది. వరహాలమ్మ ఆవిడ చేతులు పట్టుకుని భోరుమంది. "ఆ డ్రైవరు చేతిలో నా మనవలు ఏమైపోయేవారో తల్లీ! దగ్గరుండి నేను చూసుకోబట్టి సరిపోయింది."

సోమలింగం పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక మెల్లగా అడిగాడు. "అయితే ఆ డ్రైవరుకి ప్రేమ లేదనుకోవాలా స్వామీ?"

"ఆ ముక్క అతన్ని ఎవరూ అడగలేదు నాయనా" అన్నారు స్వామి. "కట్టు గట్టిదే. అయినా విశాఖ దాకా ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా, ఎడమచెయ్యి వెనక్కి చాపి ఆ క్యాను పట్టుకున్నాడు."