సన్నేసమ్మ చాప

అనగనగా అనగానే రాజుగారి కోసం మెడలు సాచకండి. రాజులకి కథలు చాలానే ఉన్నాయి. ఇది కోడిగుడ్లు అమ్ముకునే సన్నేసమ్మ కథ. ఊఁ కొడితే చెబుతాను, ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను.

ఊఁ అన్నారా? వినండి.

ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక పేట. ఒక ఏడు ఏరు పొంగి పేటకి పేటనే ఊడ్చుకుపోయింది. ఇళ్ళు పోయాయి, మనుషులూ కోళ్ళూ మిగిలారు. ఊరి దొర సత్రం తలుపులు తీయించాడు.

"నాలుగు రోజులు సర్దుకోండి. నీళ్ళు తీయగానే మెరక మీద ఇళ్ళు కట్టిస్తాను" అన్నాడు.

నీళ్ళు తీశాయి. పంటలొచ్చాయి. మళ్ళీ వానలొచ్చాయి, ఏళ్ళు గడిచాయి. సత్రంలో వాళ్ళు సత్రంలోనే ఉన్నారు.

స్తంభానికీ స్తంభానికీ మధ్య చీర కడితే అదే ఒక ఇల్లు. ఒక చీర వెనక మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే, మూడు చీరల అవతలి నుంచి తీర్పు వచ్చేది. "తప్పు నీదేరా అప్పన్నా!" ఆ అప్పన్న గురక పెడితే సత్రమంతటికీ శివరాత్రే.

ఎవరు వెళ్ళి అడిగినా దొరది ఒకటే మాట. "అన్నం పెడుతున్నానా? పెడుతున్నాను. కప్పు ఉందా? ఉంది. సర్దుకోండి!" పైగా ఇంటికి చుట్టాలొస్తే సత్రానికి తీసుకొచ్చి మరీ తన ధర్మబుద్ధి చూపించుకునేవాడు.

ఆ సత్రంలో పైడమ్మ అని ఒక పడుచు. తొలికాన్పు చీర వెనకే అయింది. ఆమె మూలిగినప్పుడల్లా పేటంతా సలహాలు చెప్పింది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. సన్నేసమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది.

"అత్తా, ఈ కాన్పు నా గడప లోపల అవ్వాల. నేకపోతే నాను కననే కనను."

"ఒలమ్మ! కననంటే ఆగుద్దేటే? ఉండు, నాను సూస్తాను."

పేరుకి సన్నేసమ్మే, అంటే సన్యాసమ్మే గానీ, పేటలో అందరి సంసారాలూ ఆమెవే.

మర్నాడు ఖాళీ బుట్టతో దొర ఇంటికి వెళ్ళింది. దొరకి గుడ్డు లేనిదే పొద్దు పొడవదు.

"గుడ్లేవే?"

"పెట్ట గుడ్డెట్టట్లేదు బాబూ. సత్రంలో అందరూ సూస్తుంటే దానికి సిగ్గు. మెరక మీద జానెడు జాగా కావాల."

"కోడికేగా? తీసుకో!"

మళ్ళీ ఖాళీ బుట్ట. "నక్క తిరుగుతంది బాబూ. గోడ కావాల."

"కోడికేగా? కట్టుకో!"

మూడోసారీ ఖాళీ బుట్టే. "వానకి తడిసిపోతంది బాబూ. కప్పు కావాల."

"కోడికేగా? వేసుకో!"

మనిషి అడిగితే ఇన్నేళ్ళూ దొరకని జాగా, కోడి అడిగితే మూడు మాటల్లో దొరికింది. ఇక్కడ ఊఁ కాస్త గట్టిగా కొట్టండి.

పేటంతా కలిసి మట్టి తొక్కింది, తాటాకు మోసింది. కోడిగూటికి గడప వచ్చింది. పొయ్యి వచ్చింది. పైడమ్మ వచ్చింది. కోళ్ళు కూడా వచ్చాయి, అబద్ధం ఎందుకు!

ఒక పొద్దున దొర నౌకర్లతో షికారుకి బయల్దేరి, మెరక మీద పొగ చూశాడు. "కోళ్ళు వంట చేసుకుంటున్నాయా?" అంటూ రుసరుసలాడుతూ వెళ్ళి తలుపు తోశాడు. కాలు లోపల పెట్టాడు.

సరిగ్గా అప్పుడే లోపల కేరుమంది. కోడి కాదు.

"మనుషులు! అందర్నీ సత్రానికి తోలండిరా!" అంటూ దొర బయటికి దూకాడు.

సన్నేసమ్మ చేతులు కడుక్కుంటూ గడపలోకి వచ్చింది. "తోలండి బాబూ. కానైతే తమరు పురిటిగది తొక్కారు. ముందు తమరి సంగతి సూసుకోండి."

దొర ఇంటికి పరిగెత్తాడు. కబురు ఆయన కంటే ముందే చేరింది. దొర తల్లి మడిచీరతో గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"పురిటి మైలతో నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను! పురుడు తీరేదాకా ఈ ఛాయలకి రాకు."

"అందాకా ఎక్కడుండనమ్మా?"

"అంత గొప్ప సత్రం ఉందిగా నాయనా. నాలుగు రోజులు సర్దుకో."

సత్రంలో సన్నేసమ్మ చాప దులిపి పరిచింది. అటూ ఇటూ చీర కట్టింది. "రండి బాబూ. సర్దుకోండి."

దొర అన్నం తింటుంటే పిల్లగుంటలు చీరెత్తి చూశారు. "ఒరే, దొర కూడా మనలాగే నవుల్తాడ్రా!" కునుకు పడితే అప్పన్న గురక. గట్టిగా నిట్టూరిస్తే మూడు చీరల అవతలి నుంచి సలహా. "కడుపులో గాలి బాబూ, వాము నవలండి!"

పురుడు ఇంకా తీరనే లేదు, దొర తన మనుషుల్ని పిలిపించాడు.

"మెరకంతా పంచేయండి. ఎవరి గడప వాళ్ళకి కట్టించండి. ఇవాళే మొదలెట్టండి!"

"తొందరేటి బాబూ, తమరు ఎల్లిపోతారు గదా" అంది సన్నేసమ్మ.

దొర ఎర్రబడ్డ కళ్ళతో ఆమెకేసి చూశాడు. "ఇన్నాళ్ళూ ఎలా ఉన్నారే ఇందులో?"

"తమరు సర్దుకోమన్నారు గదా."



ఇళ్ళు లేచాయి. ఒక్కో కుటుంబమే తట్టాబుట్టా సర్దుకుని మెరకెక్కింది. ఆఖరివాళ్ళు తమ గడప దాటాకే సన్నేసమ్మ సత్రం వదిలింది. చాలా ఏళ్ళు బతికింది. తన ఇంట్లో, తన కప్పు కింద కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ వైపు గాలివానకి ఇళ్ళు కూలి, జనం ఏ బడిలోనో తలదాచుకుంటే, ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "నాలుగు రోజులు సర్దుకోండమ్మా" అంటాడు. అనగానే ఒక ముసలమ్మ లేచి చాప దులిపి పరుస్తుంది.

"ఇది సన్నేసమ్మ చాప బాబూ. కూకోండి. తమరూ సర్దుకోండి."

ఆయనకి ఎక్కడో పెద్ద పని గుర్తొస్తుంది. "మీ ఇళ్ళ సంగతి రేపే తేలుస్తాను" అంటూ వెళ్ళిపోతాడు.

అయినా చాప చుట్టరు. మొదటి గోడ లేచేదాకా అది అక్కడ పరిచే ఉంటుంది.