కాగిన డప్పు

ఆ ఊళ్లో రెండు కాలేజీలున్నాయి. కొండ పక్కనున్నది మగపిల్లలది, ఏటి ఒడ్డునున్నది ఆడపిల్లలది. రెండింటికీ బాస్కెట్‌బాల్ జట్లున్నాయి. ఆ రెండు జట్లకూ కలిపి ఊళ్లో ఒక్కడే డప్పు మనిషి ఉన్నాడు.

ఆయన కొండ కాలేజీలో చదివాడు. ఆయన భార్య ఏటి కాలేజీలో చదివింది. ఇంట్లో పేచీ ఎందుకని ఆయన రెండు జట్లనూ సమానంగా ప్రేమించాడు. అది మామూలు ప్రేమ కాదు. ఆట ఉన్న రోజున ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆయన డప్పుకు రెండే దరువులు వచ్చు. ఒకటి గెలుపు దరువు, రెండోది ఓటమి దరువు. సీజన్ ఆఖరి రోజున పిల్లలను కోర్టు పెద్ద గేటు నుంచి బజారు చివరిదాకా డప్పుతో నడిపించడం ఆ ఊరి ఆనవాయితీ. గెలిచిన ఏడాది దరువు గంతులు వేసేది, ఇళ్లవాళ్లు బయటికొచ్చి పిల్లల నోట్లో లడ్డూలు కుక్కేవాళ్లు. చిత్తుగా ఓడిన ఏడాది దరువు బరువుగా నడిచేది. అప్పుడూ తలుపులు తెరుచుకునేవి, వీపు నిమిరి మజ్జిగ ఇచ్చేవాళ్లు. గెలిచినా ఓడినా పిల్లలు పెద్ద గేటు నుంచే ఇంటికి పోయేవాళ్లు.

ఈ ఏడాది రెండు జట్లూ ఓ రోజు గెలిచాయి, ఓ రోజు ఓడాయి. పట్టికలో పైకీ పోలేదు, అడుక్కీ జారలేదు. బస్సులో మధ్య సీట్లో ఇరుక్కున్నవాళ్లలా నడిమధ్యన కూర్చున్నాయి. కప్పు వేరే ఊళ్లవాళ్లు పట్టుకుపోయారు.

ప్రతి ఆటకూ ముందు డప్పు మనిషి గ్యాలరీ వెనక గడ్డి మంట వేసేవాడు. చెమ్మకు మెత్తబడిన తోలు మంట వేడికి బిగుసుకుంటుంది, అప్పుడే కంగుమని మోగుతుంది. అలా కాచిన డప్పును ఒళ్లో పెట్టుకుని, పుల్లలు పట్టుకుని కూర్చునేవాడు. ఆట అయిపోయేది. అది కొట్టదగిన గెలుపూ కాదు, కొట్టదగిన ఓటమీ కాదు. డప్పును సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టేవాడు.

ఒక రోజు డప్పే అడిగింది. "కాచావు గదా, కొట్టవేం?"

"ఏం చూసి కొట్టను? అసలు రోజు ముందుంది. అందాకా ఆ వేడి దాచుకో."

"ఎక్కడ దాచుకోను? నా లోపల చోటు లేదు, ఉన్నదంతా పైన తోలే."

డప్పుకు కూడా నోరొచ్చిందని ఆయన విసుక్కున్నాడు.

ఇంటి దగ్గర భార్య అన్నం పెట్టి అడిగింది. "ఏమండీ, ఇవాళ ఓడిపోయారా?"

"ఓడినా బాగుండేది. కాసేపు ఏడ్చి అన్నం తినేవాణ్ణి. రెండు పాయింట్ల తేడాతో గెలిచారు. ఆ గెలుపుతో ఒరిగేదేమీ లేదు."

ఆమెకు నవ్వొచ్చింది గాని ఆయన మొహం చూసి ఆపుకుంది. పాపం, ఆయనకు నిజంగానే దిగులుగా ఉంది. ఇష్టమైనవాళ్లు వెలిగిపోతే మనమూ పొంగిపోతాం, చితికిపోతే దగ్గర కూర్చుని ఓదారుస్తాం. ఓ మోస్తరుగా ఉండిపోతే మాత్రం ఆ ఇష్టాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు.

"పిల్లలెలా ఉన్నారు?" అందామె.

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "చూడలేదు," అన్నాడు. స్కోరు బోర్డు వైపే చూస్తూ కూర్చున్నానని అప్పుడే తట్టింది.

ఆఖరి రోజు వచ్చింది. ఊరి కోర్టులోనే రెండు జట్లూ ఒకదాని తర్వాత ఒకటి తమ ఆఖరి ఆటలు ఆడాయి. ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది. గ్యాలరీలో జనం లేరు. సాయంత్రం ఎండ ఖాళీ మెట్ల మీద పడింది.

ఏటి కాలేజీ కెప్టెన్, పొడుగమ్మాయి, మోకాలికి కట్టుతో కుంటుతూ ఆయన దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, ఈసారి ఏ దరువు?"

ఏడాదంతా దిగమింగిన మాట ఆయన నోటి నుంచి జారిపోయింది. "మీరు నాకు ఏ దరువూ మిగల్చలేదమ్మా."

ఆ పిల్ల వంగి మోకాలి కట్టు సరిచేసుకుంది. "నిజమేలెండి. మేం వెనక గేటు నుంచి పోతాం. కొండ కాలేజీవాళ్లు కూడా అదే అనుకుంటున్నారు."

ఆమె కుంటుతూ వెళ్లిపోయింది. వెనక గేటు బయట చెత్తకుప్పలు తప్ప ఒక్క ఇంటి తలుపు కూడా లేదు. పిల్లల మీద కోపం ఉన్నమాట నిజమే గాని, వాళ్లు దొంగల్లా పోవాలని ఆయన ఎన్నడూ కోరుకోలేదు.

గబగబా గడ్డి పోగేసి మంట వేశాడు. గెలుపు దరువో ఓటమి దరువో, ఏదో ఒకటి కొడదామనుకున్నాడు. తొందరలో డప్పును మంటకు మరీ దగ్గరగా పట్టాడు. తోలు టప్పున చీలింది.

"ఏడాదంతా కాచావు," అంది డప్పు. "కాగిన తోలు మోగనైనా మోగాలి, పగలనైనా పగలాలి."

డప్పు మళ్లీ మాట్లాడలేదు. ఆయన దాన్ని గుండెకు పొదువుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు తీరాక, ఏమీ తోచక, చీలిన తోలు మీద అరచేత్తో కొట్టాడు. కంగుమనలేదు. దబ్ అంది. మళ్లీ కొట్టాడు. దబ్. గంతులు రాలేదు, బరువూ రాలేదు. ఒకటే తీరుగా దబ్, దబ్, దబ్ అంటూ పోయింది. చేతిని ఆపబుద్ధి కాక కొడుతూనే పెద్ద గేటు దాకా వచ్చాడు.

వెనక గేటు దగ్గర సంచులు భుజాన వేసుకున్న పిల్లలు ఆగారు.

"ఎవర్రా ఇంకా ఆడుతున్నది?" అన్నాడు కొండ కాలేజీ కుర్రాడొకడు.

"బంతి బయటే ఉండిపోయినట్టుంది," అంది పొడుగమ్మాయి.

తెల్లవారకముందు లేచి, కాళ్లు పుండ్లయ్యేదాకా ఆడుతూ, ఎవరూ చూడని కోర్టులో వాళ్లు రోజూ విన్న బంతి చప్పుడు అది. బంతిని వదిలేసి పోవడం వాళ్లకు చేతకాదు. అందరూ వెనక్కి తిరిగారు.

కోర్టులో బంతి లేదు. పెద్ద గేటు దగ్గర చినిగిన డప్పుతో ఆయన ఉన్నాడు. ఆయన ఆ రోజు మొదటిసారి వాళ్ల మొహాలు చూశాడు. కొడుతూనే బజారు వైపు నడిచాడు. వాళ్లు ఆయన వెనకే నడిచారు. కాసేపటికి వాళ్ల అడుగులు ఆ చప్పుడులో కలిసిపోయాయి.

ఎన్నడూ వినని దరువు విని ఇళ్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. లడ్డూలు తేవాలో మజ్జిగ తేవాలో ఎవరికీ పాలుపోలేదు. పక్కింటావిడ డప్పు మనిషి భార్యను అడిగింది. "గెలిచారా వదినా, ఓడారా?"

ఆమె చెవి ఒగ్గి కాసేపు వింది.

"ఆడారు," అంది.

పక్కింటావిడ లోపలికి వెళ్లింది. పొయ్యి మీద తమ ఇంటికోసం ఉడకబెట్టుకున్న వేరుశనగకాయలు చేటలో పోసి తెచ్చింది. పిల్లలు నడుస్తూనే ఒలుచుకు తిన్నారు. కుంటుతున్న పిల్లకు ఎవరో భుజం ఇచ్చారు.

మరుసటి ఏడు డప్పుకు కొత్త తోలు వేయించారు. మొదటి ఆట రోజున, బంతి ఇంకా రిఫరీ చేతిలో ఉండగానే, డప్పు మోగింది.